ఫోనా, పాత డీఎస్‌ఎల్‌ఆరా, కొత్త మిర్రర్‌లెస్సా? విశాఖలో ఫొటోలు నేర్చుకునేవాళ్ళకి మొదటి కెమెరా

పోయిన నెలలో ముగ్గురు నన్ను ఇంచుమించు ఒకే ప్రశ్న అడిగారు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా మేనకోడలు, "మావయ్యా, నా ఫోన్ చాలదా, కెమెరా కొనాల్సిందేనా?" అంది. స్టీల్‌ప్లాంటులో రిటైరైన మా బాబాయి, "లక్ష దాకా పెట్టగలనురా, మంచిదేదో నువ్వే చెప్పు" అన్నాడు. ఆఫీసులో మా పక్క సీటాయన తన దగ్గర ముప్ఫై వేలున్నాయనీ, దానికి పనికొచ్చేది దొరుకుతుందా అనీ అడిగాడు. ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాను. ఎవరికి ఏది, ఎందుకు అన్నది కాస్త వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నేర్చుకోవాలన్న పట్టుదల ఉండి, డబ్బు చూసుకుని ఖర్చు పెట్టాల్సినవాళ్ళకి ఈ రోజుకీ మంచి స్థితిలో ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల ఉన్న అద్దం ద్వారా వెలుతురుని కంటికి చూపించే కెమెరా), దానికి తోడు ఓ చిన్న ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది). పొద్దున్నే లేచి బయటికెళ్ళే అలవాటు ఇంకా పడనివాళ్ళకి చేతిలో ఉన్న ఫోనే. మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేకుండా, చిన్న తెర మీద బొమ్మ చూపించేది) ఎవరికన్నది కింద చెప్తాను. అయితే ఈ ఊళ్ళో కెమెరా కొనేవాళ్ళు కంపెనీ పేరు కన్నా ముందు ఆలోచించాల్సింది ఒకటుంది.

ఉప్పుగాలి, చెమ్మ

నేను 2014లో నికాన్ డీ5300 కొన్నాను, కెమెరాతో పాటే ఇచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్సుతో. హుద్‌హుద్ వచ్చిన ఏడాది అది. ఫొటోలు తియ్యనప్పుడు కెమెరాని దానితో వచ్చిన నల్ల బ్యాగులోనే పెట్టి బీరువా అడుగు అరలో దాచేవాణ్ణి. భద్రంగా ఉందనే అనుకున్నాను. మరుసటి ఏడు వానలు వెళ్ళాక ఓ ఉదయం సూర్యోదయానికి తీసుకెళితే, ప్రతి ఫొటోలోనూ సూర్యుడి చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లటి మసక. అద్దం తుడిచాను, పోలేదు. ఇంటికొచ్చి లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడు అల్లినట్టు సన్నటి దారాలు. ఫంగస్. శుభ్రం చేయించాను గానీ, అప్పటికే అది అద్దం మీది పూతని తినేసింది. సూర్యుడికి ఎదురుగా పెడితే ఆ లెన్సులో ఇప్పటికీ ఆ మసక కనిపిస్తుంది.

ఫంగస్‌కి చీకటి, చెమ్మ, కదలని గాలి ఉంటే చాలు. మన బీరువాల్లో మూడూ ఉంటాయి. స్పాంజి కుట్టిన కెమెరా బ్యాగు చెమ్మని పీల్చుకుని పట్టి ఉంచుతుంది కాబట్టి బ్యాగు మోసుకెళ్ళడానికే గానీ దాచడానికి కాదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఫంగస్‌కి అనుకూలం. కెమెరా పెట్టే చోట 40 నుంచి 50 మధ్య ఉండాలి. దీనికి కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్లు దొరుకుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే, మూతకి రబ్బరు అంచున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అరకేజీ సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు చాలు. నేను ఆరేళ్ళుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. నీలం రంగు గుళికలు గులాబీ రంగుకి మారాయంటే చెమ్మతో నిండిపోయినట్టు. సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. వంటకి వాడే మూకుడులో మాత్రం వెయ్యకండి. ఆ నీలం రంగు కోబాల్టు లవణం, ఒంట్లోకి పోకూడదు. దానికో పాత గిన్నె విడిగా ఉంచుకోండి.

ఇంకొకటి. ఏసీ గదిలో పడుకుని, కెమెరా కూడా అక్కడే పెట్టుకుని, తెల్లారి ఐదింటికి బీచ్‌రోడ్డుకి వెళ్ళారనుకోండి. మూత తియ్యగానే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిస్తే మళ్ళీ పడుతుంది. అరగంట ఆగితే గానీ పోదు, ఆ అరగంటలో ఎర్రటి వెలుగు కాస్తా అయిపోతుంది. రాత్రే బ్యాగుని హాల్లో పెట్టి పడుకుంటే ఈ బాధ ఉండదు.

ఇదంతా కెమెరా ఎంపిక గురించి చెప్తూ ఎందుకు చెప్పానంటే, బడ్జెట్టు లెక్క వేసేటప్పుడు డబ్బా, సిలికా జెల్, దుమ్ము ఊదే బ్లోయరు, లెన్సు ముందు పెట్టుకునే యూవీ ఫిల్టరు కూడా అందులోనే వెయ్యాలి. మిగతా ఊళ్ళలో యూవీ ఫిల్టరు అవసరమా కాదా అని వాదించుకుంటారు. ఇక్కడ ఆ వాదన లేదు. అల తుంపర అద్దం మీద పడి ఆరితే ఉప్పు గరుకుగా మిగులుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఆ గీతలు ఫిల్టరు మీద పడడమే నయం.

ఫోను: ఏం నేర్పుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

మా మేనకోడలికి ఫోన్‌తోనే మూడు నెలలు తియ్యమన్నాను. డబ్బు మిగుల్చుకోమని కాదు. వెలుతురు ఎటునుంచి పడుతోంది, ఫ్రేము అంచుల్లో ఏం దూరింది, ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి. ఫొటోలో ముప్పాతిక భాగం ఇవే, వీటికి ఫోను ఏమాత్రం అడ్డు కాదు. పైగా ఎప్పుడూ చేతిలో ఉంటుంది. పూర్ణా మార్కెట్లో పూలకొట్ల మధ్య పెద్ద కెమెరా తీస్తే అందరూ సర్దుకుని నిలబడతారు. ఫోనైతే ఎవరూ పట్టించుకోరు.

అయితే కొన్ని కట్టుబాట్లు పెట్టాను. ఒకటే లెన్సు వాడాలి, వేళ్ళతో జూమ్ చెయ్యకూడదు. ఫోనులోని రంగుల ఫిల్టర్లు వద్దు. ప్రో మోడ్ ఉంటే అందులో షట్టరు వేగం (వెలుతురు ఎంతసేపు పడాలన్నది), ఐఎస్‌ఓ (ఆ వెలుతురుని ఎంత పెంచి చూపించాలన్నది) తనే పెట్టుకోవాలి. ప్రతి ఆదివారం వారంలో తీసినవాటిలోంచి ఒక్కటే ఉంచి మిగతావి వేరే ఫోల్డర్‌లో పడెయ్యాలి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టమైనది, ఎక్కువ నేర్పేది కూడా అదే.

ఫోను ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే సూర్యోదయానికి జోడుగుళ్ళపాలెం వెళ్ళండి. తెప్పని అలల్లోకి తోస్తున్న నలుగురు మనుషులు, వెనక నారింజ రంగు ఆకాశం. మీకు ఆ మనుషులు నల్లటి ఆకారాలుగా కావాలి. ఫోను మాత్రం వరసగా అనేక ఫ్రేములు తీసి కలిపేసి, నీడల్ని లేపి, ఆ నలుపుని బూడిద రంగు చేసి ఇస్తుంది. అది దాని తప్పు కాదు, మొహాలు కనబడేలా చెయ్యడానికే దాన్ని అలా తయారుచేశారు. తెర మీద తాకి, సూర్యుడి గుర్తుని కిందికి లాగితే కొంతవరకు మాట వింటుంది. చీకట్లో కదులుతున్నవాటి దగ్గర, దూరంగా ఉన్న పక్షుల దగ్గర ఇక వినదు. దీని వెనక లెక్క సూటిగానే ఉంది. పెద్ద సెన్సరున్న (వెలుతురుని పట్టుకునే చిప్పు) చాలా ఫోన్లలో కూడా ఆ సెన్సరు వెడల్పు పది మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ సెన్సరు దాదాపు 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 ఎత్తు. వైశాల్యంలో సుమారు ఐదు రెట్లు. అన్ని రెట్లు వెలుతురు పట్టుకుంటుంది.

పైగా దాదాపు ఏ ఫోనులోనూ అపర్చర్ మారదు. వెలుతురు వచ్చే రంధ్రం పెంచితే వెనకది మసకబారడం, తగ్గిస్తే ముందు నుంచి వెనకదాకా స్పష్టంగా రావడం అన్న పాఠం ఫోనులో చెయ్యలేం. పోర్ట్రెయిట్ మోడ్ చూపించే మసక లెక్కలు కట్టి పూసినది, అంతే.

మూడు నెలలయ్యాక క్యాలెండరు చూసుకోవాలి. ఫొటోల కోసమే బయటికెళ్ళిన ఉదయాలు, సాయంత్రాలు పది కూడా లేకపోతే కెమెరా కొనకండి. అది కూడా నా 18-55 లాగే బీరువాలో పడి ఉంటుంది. ఇరవై దాటితే ఇక కొనడానికి వెనకాడక్కర్లేదు. మా మేనకోడలికి ఇప్పటికే తొమ్మిదయ్యాయి, ఇంకా నెల పైన గడువుంది.

పాత డీఎస్‌ఎల్‌ఆర్

పక్క సీటాయనకి ఇదే చెప్పాను. కేనన్, నికాన్ల నుంచి 2020 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ మోడల్ రాలేదు. రెండూ మిర్రర్‌లెస్ వైపు వెళ్ళిపోయాయి. "పోయే సరుకు ఎందుకండీ కొనడం?" అని అడిగాడాయన. పోయే సరుకు కాబట్టే కొనాలి. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు, వీడియోలు చేసే కుర్రాళ్ళు పాతవి అమ్మేసి కొత్తవాటికి మారుతున్నారు. నికాన్ డీ5600, డీ3500, కేనన్ 200డీ లాంటివి, వాటి లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో అందుబాటు ధరకి వస్తున్నాయి. మూడింటిలోనూ 24 మెగాపిక్సెల్ సెన్సరే. గోడకి పెట్టుకునే సైజు ప్రింటు తీసినా ఇవి తక్కువ చెయ్యవు.

నేర్చుకోవడానికి ఇవి ఎందుకు మంచివంటే, కంటితో చూసేది అద్దంలోంచి వచ్చిన అసలు వెలుతురు. ఫొటో ఎలా వస్తుందో నొక్కేదాకా తెలియదు. అందుకని నొక్కే ముందే మనసులో లెక్క వేసుకోవాల్సొస్తుంది. ఆకాశం ఎంత వెలుగుంది, మనిషి ఎంత నీడలో ఉన్నాడు, వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసి మోసపోతుంది. మొదటి నెల సగం ఫొటోలు చెడిపోతాయి. రెండో నెలకి తెల్లటి ఇసుక కనబడగానే వేలు దానంతటదే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే) బటన్ మీదికి వెళుతుంది. అలా చేతికి వచ్చిన విద్య మళ్ళీ పోదు. బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది. అరకు వెళ్ళి రెండు రోజులు తిరిగినా నా డీ5300కి ఒక్క బ్యాటరీ సరిపోయింది.

మోడళ్ళలో తేడా చూసుకోండి. 200డీ, డీ5600లకి బయటికి తిప్పగలిగే టచ్ తెర ఉంది. ఇసుక మీద కెమెరా ఆనించి ఎండ్రకాయ ఎత్తు నుంచి తియ్యాలంటే అది ఉండాలి. డీ3500కి తెర తిరగదు, టచ్ కూడా లేదు, కానీ తేలిక. తెర మీద చూస్తూ తీసేటప్పుడు 200డీ చాలా వేగంగా ఫోకస్ పట్టుకుంటుంది, నికాన్లు నెమ్మది. నికాన్ కొనేవాళ్ళు ఇంకో మెలిక గుర్తుంచుకోవాలి. డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పేరులో ఏఎఫ్-డీ అని ఉన్న పాత లెన్సులు వీటికి పట్టుకుంటాయి గానీ, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. చౌకగా వస్తోందని 50 మిల్లీమీటర్ల డీ లెన్సు కొని తర్వాత బాధపడినవాళ్ళని ఇద్దర్ని చూశాను. ఏఎఫ్-ఎస్ అని ఉన్నది అడగండి.

సెకండ్‌హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు పగటిపూట వెళ్ళండి, టార్చి ఉన్న ఫోను, మీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్ళండి. ముందు లెన్సు విప్పి, వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడాలి. ధూళి రేణువులు నాలుగున్నా పర్లేదు. దారాల్లా, మంచుపువ్వుల్లా ఏమైనా కనిపిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. తర్వాత అపర్చర్ ఎఫ్ 16 (అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సరు మీద మురికి. శుభ్రం చేయించొచ్చు, ఆ మేరకు ధర తగ్గించమని అడగొచ్చు.

మన ఊళ్ళో ప్రత్యేకంగా చూడాల్సినవి మరలు. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే చోట, పైన ఫ్లాష్ పెట్టే గాడి చుట్టూ, బ్యాటరీ తలుపు లోపలి రేకుల మీద. తుప్పు గానీ, తెల్లటి, పచ్చటి పొడి గానీ కనిపిస్తే ఆ కెమెరా సముద్రం నీళ్ళు రుచి చూసిందన్నమాట. ఆ రోజు బాగానే పనిచేస్తుంది, ఆర్నెల్లకి లోపల బోర్డు పోతుంది. షట్టరు ఎన్నిసార్లు పడిందన్న లెక్క కూడా ముఖ్యమే. ఈ తరగతి కెమెరాల షట్టరుని సుమారు లక్ష సార్ల దాకా పరీక్షిస్తారు. నికాన్ అయితే ఆ లెక్క ప్రతి ఫొటో లోపలి సమాచారంలోనే ఉంటుంది. మీ కార్డులో ఓ ఫొటో తీసి తెచ్చుకుంటే తెలుస్తుంది. కేనన్‌లో చాలా మోడళ్ళకి అంత సులువు కాదు. అప్పుడు బటన్ల మీద అక్షరాలు ఎంత అరిగాయో, పట్టు రబ్బరు ఎంత సాగిందో చూసి అంచనా వేసుకోవాలి.

కొత్త మిర్రర్‌లెస్

బాబాయికి ఇది చెప్పాను. డబ్బుందని కాదు. ఆయనకి అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పి, కళ్ళజోడు. తియ్యాలనుకునేవి మనవలు, కొండకర్ల ఆవలో పక్షులు. పరిగెత్తే పిల్లల కళ్ళని వెతికి పట్టుకోవడంలో ఇప్పటి మిర్రర్‌లెస్‌లకి పాత కెమెరాలు సాటి రావు. ఫొటో ఎంత వెలుగుగా వస్తుందో తీసే ముందే కంటి దగ్గర కనబడిపోతుంది. కేనన్ ఆర్50 బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే. మెడ లాగదు. నేర్చుకోవాలన్న దీక్ష కన్నా మనవల బాల్యం చెయ్యి జారిపోకూడదన్న ఆత్రం ఉన్నవాళ్ళకి ఇదే సరైనది. ఆయన దగ్గర అద్దంలోంచి లెక్కలు కడుతూ కూర్చునే తీరిక లేదు, పిల్లలు ఆగరు కదా.

కానీ కొత్త కిట్ అంటే ఖర్చు ఎక్కువే, లెన్సుల ఖర్చు దానిమీద. ఒక్క విషయంలో చాలామంది పొరబడుతున్నారు. నికాన్ జడ్30, సోనీ జడ్‌వీ-ఈ10 లాంటివి వీడియోల కోసం చేసినవి, వాటికి కన్ను పెట్టి చూసే వ్యూఫైండరు ఉండదు. దుకాణంలో తెర చక్కగా కనిపిస్తుంది. ఉదయం పది గంటలకి రుషికొండ ఇసుక మీద నిలబడితే ఆ తెర మీద మీ మొహం తప్ప ఇంకేమీ కనబడదు. బీచ్ ఉన్న ఊళ్ళో ఫొటోలు తీసేవాళ్ళకి వ్యూఫైండరు ఉండి తీరాలి. ఆర్50, నికాన్ జడ్50, సోనీ ఏ6400లకి ఉంది. దాని పక్కనే చిన్న చక్రం ఉంటుంది, కళ్ళజోడు తీసేసి మీ చూపుకి సరిపడా తిప్పుకోవచ్చు. బాబాయి ఆ చక్రం తిప్పి, "అద్దాల్లేకుండా కనబడుతోందిరా!" అని ఎంత సంబరపడ్డాడో.

రెండో జాగ్రత్త. లెన్సు విప్పగానే చాలా మిర్రర్‌లెస్‌లలో సెన్సరు నేరుగా గాలికి తెరుచుకుంటుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ముందు అద్దం, షట్టరు అడ్డుంటాయి. బీచ్‌లో లెన్సు మార్చకండి. కారులోనో, ఓ హోటల్లో టీ తాగుతూనో మార్చుకోండి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది కాబట్టి రెండోది కొనక తప్పదు.

పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో మొదలుపెట్టి తర్వాత మిర్రర్‌లెస్‌కి మారితే లెన్సులు వృథా అవుతాయేమోనని భయపడక్కర్లేదు. కేనన్ డీఎస్‌ఎల్‌ఆర్ల ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ బాడీలకి చక్కగా పనిచేస్తాయి. నికాన్‌కి ఎఫ్‌టీజడ్ అనే అడాప్టరు ఉంది, దాంతో ఏఎఫ్-ఎస్ లెన్సులు మామూలుగానే ఫోకస్ చేస్తాయి.

లెన్సు: 50 కన్నా 35

బాడీ మీద ఖర్చు తగ్గించి ఆ డబ్బు లెన్సు మీద పెట్టమని అందరికీ చెప్తాను. కిట్ లెన్సుని చిన్నచూపు చూడొద్దు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఎండ పక్కనుంచి పడి చాళ్ళు చాళ్ళుగా నీడలు పరుచుకున్నప్పుడు వెడల్పుగా చూపించే 18 మిల్లీమీటర్లే కావాలి. కానీ జూమ్ చేసి 55కి తెస్తే దాని అపర్చర్ ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఎఫ్ 1.8 ప్రైమ్ లెన్సు దాని కన్నా దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. సాయంత్రం ఏడింటికి జగదాంబ జంక్షన్లో ఐఎస్‌ఓ 6400 పెట్టి రవ్వరవ్వగా వచ్చే ఫొటో, ప్రైమ్‌తో 640 దగ్గరే శుభ్రంగా వస్తుంది.

అందరూ 50 మిల్లీమీటర్లు కొనమంటారు. చౌక కాబట్టి, మొహాలు అందంగా వస్తాయి కాబట్టి. నేనూ అదే కొన్నాను. ఏపీఎస్-సీ కెమెరా మీద అది 75, 80 మిల్లీమీటర్లంత ఇరుకైపోతుంది. మన ఇళ్ళలో హాలు గోడకి వీపు ఆనించి నిలబడినా ఎదుటి మనిషి నడుము దాకే వస్తారు. 35 అయితే 52 దగ్గర పడుతుంది, కన్ను చూసినట్టే ఉంటుంది. నికాన్‌లో 35 ఎఫ్ 1.8 డీఎక్స్ 2009 నుంచీ ఉంది కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. కేనన్‌లో 24 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 పల్చటి బిళ్ళ లెన్సు ఉంది, వెలుతురు కొంచెం తక్కువైనా వీధుల్లో తిరగడానికి హాయి. పక్షులు తియ్యాలనుకునేవాళ్ళకి మాత్రం ఈ సలహా కాదు. వాళ్ళు నేరుగా 55-250 గానీ 70-300 గానీ తీసుకోవాలి.

డ్రోన్ గురించి కూడా అడుగుతుంటారు. మొదటి ఏడాది వద్దు. తూర్పు నౌకాదళం ఉన్న ఊరిది, విమానాశ్రయం కూడా నేవీదే. డిజిటల్ స్కై మ్యాపు (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాపు) చూడకుండా ఎక్కడా ఎగరేయకూడదు. మామూలు కెమెరా అయినా సరే, నేవీ గోడల దగ్గర బోర్డు చదివి లోపల పెట్టెయ్యండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి

వీడియోలు చూసి నేర్చుకోవడం, డబ్బు కట్టి క్లాసులో చేరడం, తోటివాళ్ళతో కలిసి తియ్యడం. మూడూ చేశాను. వీడియోల్లో కొదవలేనిది సమాచారం. ఒక వీడియో చూస్తే మూడు రోజులు అదే పని చెయ్యాలి, అప్పుడే లాభం. షట్టరు వేగం గురించి చూశారా, సముద్రం దగ్గరికెళ్ళి ఒకే అలని సెకనులో వెయ్యో వంతు దగ్గర, నాలుగో వంతు దగ్గర తియ్యండి. మొదటిదాంట్లో చుక్కలు గాజు పూసల్లా గాల్లో ఆగుతాయి, రెండోదాంట్లో నీళ్ళు దూది పరిచినట్టు వస్తాయి. రెండోదానికి ట్రైపాడ్ కాళ్ళు తడి ఇసుకలో ముందే గట్టిగా నొక్కి పెట్టాలి. లేదంటే ఒక్కో అలకీ కాస్త కుంగుతుంది.

క్లాసులో చేరే ముందు ఒక్కటే అడగండి: నా ఫొటోలు మీరు చూస్తారా, వారానికి ఎన్ని? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బుతో లెన్సు కొనుక్కోండి. ఓ చోట నేను రెండు నెలలు కూర్చున్నాను. తెర మీద పాఠాలు జరిగాయి గానీ నా ఫొటో ఒక్కటీ ఎవరూ చూడలేదు.

నాకు నిజంగా దారి చూపించింది తోటివాళ్ళే. మేం ఆరుగురం. వాట్సాప్‌లో గ్రూపు, ఆదివారం రాత్రి తలా ఒక్క ఫొటో. డాక్యుమెంటుగా పంపాలి, మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది. "బాగుంది", "సూపర్" అనకూడదు. కన్ను ముందు ఎక్కడికెళ్ళింది, తర్వాత ఎటు జారిపోయింది, ఆ రెండే చెప్పాలి. మొదట్లో మనసు నొచ్చుకుంటుంది. నాలుగు వారాలకి ఎదుటివాళ్ళ మాటలు కెమెరా కంటికి పెట్టుకున్నప్పుడే వినబడడం మొదలవుతుంది. ఆరుగురు దాటనివ్వకండి, పదిహేను మందైతే ఎవరూ ఎవరి ఫొటో నిదానంగా చూడరు. నెలకోసారి కలిసి బయటికెళతాం. జూన్‌లో సూర్యుడు ఐదూ ఇరవైకే వచ్చేస్తాడు, జనవరిలో ఆరున్నర దాకా రాడు కాబట్టి కొత్తవాళ్ళని చలికాలంలో చేర్చుకోవడం మేలు. నిద్ర సాకు ఉండదు.

ఫిషింగ్ హార్బరుకి మాత్రం నేను ఒక్కణ్ణే వెళతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, రంగులూ తాళ్ళూ తియ్యడానికి అదను. మనుషుల్ని తియ్యాలంటే మిగతా నెలల్లో వెళ్ళాలి. అక్కడ చేపలు కోసే ఓ పెద్దావిడని అడిగి, 50 లెన్సుతో తీశాను. వెనక ఐసు పెట్టెలు, ఇంకో అడుగు వెనక్కి వెయ్యడానికి చోటు లేదు. మొహం అద్భుతంగా వచ్చిందనుకున్నాను. మా గ్రూపులో కూడా అందరూ మెచ్చుకున్నారు.

వెళ్ళబోతుంటే ఆవిడ, "అందరూ తీసీసుకుని ఎల్లిపోతారు, ఒక్కులూ మాకు సూపించరు" అంది. పోస్టుకార్డు సైజు ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. తడి చేతులు చీరకి తుడుచుకుని, ప్రింటు అంచులు పట్టుకుని, ఎండలోకి వంచి చాలాసేపు చూసింది.

"మొకం బాగుంది. నా సెయ్యేదీ బావూ? సెయ్యి లేకుండా సేపెలా కోత్తాను?"

మళ్ళీ చూశాను. కత్తిపీట లేదు, దాని మీద తిరిగే చెయ్యి లేదు, ముంజేతి దాకా అంటుకున్న పొలుసులు లేవు. ఆవిడ ఎవరో చెప్పేదంతా ఫ్రేముకి కింద ఉండిపోయింది. ఆ వారమే 35 తెచ్చుకున్నాను. తర్వాతి ఆదివారం అవే ఐసు పెట్టెలకి వీపు ఆనించి, "అమ్మా, ఇప్పుడు తియ్యనా?" అని అడిగాను. తలెత్తకుండానే "తియ్యి" అంది, వంజరం తల మీద చెయ్యి పెడుతూ.